ప్రొపిలీన్ గ్లైకాల్ విషమా కాదా అనే ముందు డ్రమ్ములో ఏముందో చూడాలి

వాట్సాప్‌లో ఎప్పటికీ చావని ఫార్వర్డ్ ఒకటుంది. ఐస్‌క్రీంలో కార్ల యాంటీఫ్రీజ్ కలుపుతున్నారు, కేకుల్లో కలుపుతున్నారు, మీరు మొహానికి రాసుకునే క్రీములో కూడా అదే, కావాలంటే వెనక లేబుల్ చదువుకోండి అని. చదివితే నిజంగానే ఉంటుంది, ప్రొపిలీన్ గ్లైకాల్ అని. తినేవాటి ప్యాకెట్ మీదైతే ఒక్కోసారి పేరు కూడా ఉండదు, ఐఎన్‌ఎస్ 1520 అని నంబరే వేస్తారు. అది చూసి కొందరు హడలిపోతారు, ఇంకొందరేమో "కెమికల్ అంటే చాలు వణికిపోతారు, నీళ్ళు కూడా కెమికలే కదా" అని ఎగతాళి చేసి వెళ్ళిపోతారు. నాకైతే ఈ రెండో బ్యాచ్ మీద కూడా పెద్ద నమ్మకం లేదు, ఎందుకంటే 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారే, ఆ కేసు కాగితాల్లో కూడా ఈ ప్రొపిలీన్ గ్లైకాల్ పేరే ఉంది. అలాగని ఆ పిల్లల్ని చంపింది అది కాదు. ఈ ముడి విప్పాలంటే మూడు రకాల గ్లైకాల్స్ గురించీ, ఒక డ్రమ్ము గురించీ మాట్లాడుకోవాలి.

ముందు ఇదేంటో చూద్దాం. రంగు ఉండదు, వాసన దాదాపు ఉండదు, కొంచెం తియ్యగా కొంచెం చిక్కగా ఉండే ద్రవం. పెట్రోలియం నుంచి వచ్చే ప్రొపిలీన్‌ని ప్రొపిలీన్ ఆక్సైడ్‌గా మార్చి, దాన్ని నీళ్ళతో చర్య జరిపించి తయారుచేస్తారు. పెట్రోలియం అనగానే సగం మంది పోస్ట్ షేర్ కొట్టేస్తారు గానీ, ఎక్కణ్ణించి వచ్చింది అన్నదాన్ని బట్టి విషమో కాదో తేలదండీ, పాలమూరు చేలల్లో పండే ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది, అంతకంటే సహజం ఏముంటుంది, ఆ రిసిన్ కొంచెం చాలు మనిషి పోవడానికి.

దీని అసలు ఉద్యోగం పెళ్ళిళ్ళ పేరయ్య ఉద్యోగం. వెనిలా, పైనాపిల్ లాంటి ఎసెన్సుల్లో వాసననిచ్చే పదార్థాలు నీళ్ళలో సరిగ్గా కరగవు, ఇందులో కరుగుతాయి, ఇదేమో నీళ్ళలో ఎంత పోస్తే అంత కలిసిపోతుంది, అలా రెండు పక్షాల్నీ కలిపి కూర్చోబెడుతుంది. పారాసిటమాల్ కూడా నీళ్ళతో పెద్దగా పొసగదు, అందుకే పిల్లల సిరప్‌లలో ఇదో, గ్లిజరినో, సార్బిటాలో మామూలుగా ఏదో ఒకటి ఉంటుంది. క్రీముల్లో అయితే తేమని పట్టి ఉంచడానికీ, మందు చర్మంలోకి దిగడానికీ వాడతారు. షాంపూ, టూత్‌పేస్ట్, డియోడరెంట్, బేబీ వైప్స్, ఈ-సిగరెట్ లిక్విడ్, ఫంక్షన్ హాల్లో పెళ్ళికూతురు నడిచొచ్చేటప్పుడు స్టేజి మీద వదిలే పొగ, వీటన్నిట్లో ఎక్కడో ఓ చోట ఇది తగుల్తూనే ఉంటుంది.

యాంటీఫ్రీజ్ అన్నది కూడా అబద్ధమేం కాదు. విమానాల రెక్కల మీద మంచు కరిగించడానికి కొట్టే ద్రవంలో ఇది ఉంటుంది, డెయిరీల్లో చిల్లింగ్ లైన్లలో తిరిగే కూలెంట్‌గా కూడా ఇదే వాడతారు, కాకపోతే డెయిరీలో దీన్నే ఎందుకు ఎంచుకుంటారంటే పైపు లీకై పాలల్లో నాలుగు చుక్కలు పడ్డా కొంప మునగదని. కార్ల రేడియేటర్లలో ఎక్కువగా పోసేది ఇంకోటి, దాని పేరు ఇథిలీన్ గ్లైకాల్. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది, వరసకి చుట్టాలు, చూడ్డానికి కవలలు, లోపలికి వెళ్ళాక మాత్రం ఏ పోలికా ఉండదు.

లోపలికి వెళ్ళాక అంటే ఏంటంటే, ప్రొపిలీన్ గ్లైకాల్‌ని మన కాలేయం ఆల్కహాల్‌ని విరిచే ఎంజైముతోనే విరుస్తుంది, అది లాక్టిక్ యాసిడ్ అవుతుంది, మెట్లెక్కితే మన కండరాల్లో తయారయ్యేది కూడా లాక్టిక్ యాసిడే కాబట్టి దాన్ని ఏం చేయాలో శరీరానికి బాగా తెలుసు, వాడేసుకుంటుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. పెద్దవాళ్ళలో కొన్ని గంటల్లో సగానికి పైగా ఖాళీ. ఇథిలీన్ గ్లైకాల్‌ని కూడా అదే ఎంజైమ్ విరుస్తుంది గానీ అది చివరికి ఆక్సాలిక్ యాసిడ్ అవుతుంది, ఆ ఆక్సాలిక్ యాసిడ్ కాల్షియంతో కలిసి స్ఫటికాలై కిడ్నీ గొట్టాల్లో అడ్డం పడుతుంది. మూడోది డైఇథిలీన్ గ్లైకాల్, డీఈజీ అంటారు, బ్రేక్ ఆయిల్‌లోనూ రెజిన్లలోనూ వాడే సరుకు, అది విరిగితే వచ్చే డైగ్లైకాలిక్ యాసిడ్ కిడ్నీ కణాల్ని నేరుగా చంపేస్తుంది. ఒకే కాలేయం, ఒకే ఎంజైమ్, లోపలికెళ్ళిన అణువులో తేడా వల్ల ఒకటి శక్తిగా మారితే ఇంకోటి డయాలిసిస్ దాకా తీసుకెళ్తుంది.

సరే, ప్రొపిలీన్ గ్లైకాల్ ఎంత వరకు పర్లేదు? ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే నిపుణుల కమిటీ ఎప్పుడో కిలో బరువుకి రోజుకి 25 మిల్లీగ్రాములు అని పెట్టింది, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో మళ్ళీ మొత్తం తిరగేసి అదే అంకె ఉంచింది. అరవై కిలోల మనిషికి ఒకటిన్నర గ్రాము. ఇలాంటి అంకెలు ఎలా వస్తాయంటే జంతువులకి ఎంత దాకా పెడితే ఏమీ కాదో ఆ మోతాదు చూసి దాన్ని మామూలుగా వందతో భాగిస్తారు, పైగా అది జీవితాంతం రోజూ తింటే అన్న లెక్క, ఒక్కరోజు దాటితే ఏదో అవుతుందని కాదు.

ఇప్పుడు ఇంట్లో లెక్క వేద్దాం. కిలో కేకులో ఒక టీస్పూన్ ఎసెన్స్ పోశారు, ఆ ఎసెన్స్ దాదాపు మొత్తం ప్రొపిలీన్ గ్లైకాలే అనుకున్నా ఐదు గ్రాములు, అందులో వంద గ్రాముల ముక్క తింటే అర గ్రాము. పెద్దవాళ్ళకి రోజు పరిమితిలో మూడో వంతు, పోనీలే. అదే ముక్క పదిహేను కిలోల పిల్లాడు తింటే వాడి పరిమితి 375 మిల్లీగ్రాములే కాబట్టి ఆ రోజుకి దాటేసినట్టే. పుట్టినరోజు కేకుకి ఎవరూ భయపడక్కర్లేదు, కానీ రోజూ బేకరీ సరుకు, రంగు డ్రింకు, పైన ఏదో సిరప్ అన్నీ కలిస్తే పెద్దవాళ్ళకి ఏ మూలకీ రాని లెక్క చిన్నపిల్లల్లో గీత దగ్గరికి వస్తుంది. ఈ సంగతి "అంతా సేఫ్" బ్యాచ్ చెప్పదు. ఇంకోటి, ఎసెన్స్‌తో పాటు లోపలికి వచ్చిన గ్లైకాల్ తుది సరుకులో ఏ పనీ చేయకపోతే దాన్ని లేబుల్ మీద విడిగా రాయక్కర్లేదని నిబంధనల్లో వెసులుబాటు ఉంది, "కలిపిన ఫ్లేవర్లు ఉన్నాయి" అన్న ముక్క వెనక ఇది దాక్కుంటుంది. కాబట్టి లేబుల్ చదివి లెక్క కట్టే ఉత్సాహం ఉన్నా లాభం లేదు.

దేశాల మధ్య రూల్స్ చూస్తే ఇంకా తల తిరుగుతుంది. అమెరికాలో మద్యం లాంటి పానీయాల్లో 5 శాతం వరకు ఉండొచ్చు, మిఠాయిలు, కేకు పైపూతల్లో 24 శాతం దాకా కూడా ఒప్పుకున్నారు, యూరప్‌లో పానీయాల్లో లీటరుకి ఒక్క గ్రాము అంటే 0.1 శాతం. యాభై రెట్ల తేడా. 2014లో ఫైర్‌బాల్ అనే దాల్చినచెక్క విస్కీని ఫిన్లండ్, స్వీడన్, నార్వేల్లో షాపుల్లోంచి వెనక్కి తీశారు, ఎందుకంటే అమెరికాలో అమ్మే ఫార్ములా సీసాలు అక్కడికి వెళ్ళిపోయాయి. దాని మీద అప్పట్లో "విస్కీలో యాంటీఫ్రీజ్" అని హెడ్డింగులు పెట్టారు. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, యూరప్ వాళ్ళు మనిషి రోజంతా తినేవాటన్నిటికీ కలిపి పరిమితిని పంచుకుంటూ వస్తారు, అమెరికా వాళ్ళు ఒక్కో సరుకులో తయారీకి ఎంత అవసరమో దాన్ని బట్టి ఇస్తారు, రెండు పద్ధతులూ ఒకే సైన్స్ మీద నిలబడ్డవే. "ఫలానా దేశంలో బ్యాన్ చేశారు తెలుసా" అన్న మాట ఎప్పుడు విన్నా ముందు బ్యాన్ చేశారా పరిమితి పెట్టారా అని అడగండి, చాలాసార్లు అక్కడితో వాదన అయిపోతుంది.

పిల్లుల సంగతి మాత్రం నిజంగా బ్యానే. 1996లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లుల ఆహారంలో దీన్ని నిషేధించింది, వాటి ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. కుక్కలకి ఆ నిషేధం లేదు. ఇంట్లో పిల్లి ఉంటే మీరు తినే కేకు దానికి పెట్టకండి.

చర్మం విషయానికొస్తే ఇక్కడ నిజంగా మాట్లాడాల్సింది ఉంది, కాకపోతే జనం భయపడే క్యాన్సర్ గురించి కాదు, దురద గురించి. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ వాళ్ళు ఏటా ఒక పదార్థాన్ని "ఈ ఏటి అలర్జెన్" అని ప్రకటిస్తారు, 2018కి ఎంచుకున్నది ప్రొపిలీన్ గ్లైకాల్‌నే. అంటే అందరికీ పడదని కాదు, ప్యాచ్ టెస్ట్, అంటే చర్మం మీద పదార్థాన్ని అంటించి అలర్జీ ఉందో లేదో చూసే పరీక్ష, చేయించుకున్న వాళ్ళలో కొద్దిమందికే పాజిటివ్ వస్తుంది, కానీ ఇది ఎన్ని వస్తువుల్లో ఉంటుందంటే ఆ కొద్దిమంది తప్పించుకోవడం కష్టం. పైగా ఒక పెద్ద తమాషా ఏంటంటే ఎగ్జిమాకి డాక్టర్ రాసిన స్టెరాయిడ్ క్రీములోనే ఇది ఉండి, తగ్గాల్సిన మచ్చ ఇంకా ఎర్రబడితే, రోగం ముదిరిందనుకుని అదే క్రీము ఇంకా ఎక్కువ రాస్తారు. జుట్టు ఊడుతోందని మినాక్సిడిల్ వాడే కుర్రాళ్ళు బోలెడంత మంది ఉన్నారు కదా, నెత్తి దురద, పొట్టు రాలడం అని ఆపేస్తారు, చాలా కేసుల్లో ఆ చిరాకు మినాక్సిడిల్ వల్ల కాదు, అది కరగడానికి సీసాలో పోసిన గ్లైకాల్ వల్ల. నురగలా వచ్చే ఫోమ్ రకం ఉంటుంది, అందులో మామూలుగా ఇది ఉండదు, రేటు మాత్రం కాస్త ఎక్కువ. డాక్టరుని అడిగి దానికి మారితే సరిపోయేదానికి చాలామంది జుట్టే వదిలేసుకుంటారు. కాస్మెటిక్స్ మీద అమెరికాలో రివ్యూ చేసే నిపుణుల ప్యానెల్ కూడా 2012లో తేల్చింది ఇదే, చర్మాన్ని చిరాకు పెట్టని విధంగా కలిపితే సేఫ్ అని. మాట చిన్నదే గానీ బాధ్యత మొత్తం కలిపేవాడి మీద పెట్టేశారు.

ప్రొపిలీన్ గ్లైకాల్ తనంతట తాను ప్రమాదకరమైన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి, అవి మన వంటింట్లో కాదు, ఐసీయూలో. లోరాజెపామ్ లాంటి మత్తు ఇంజెక్షన్లు దీంట్లోనే కరిగించి ఇస్తారు, రోజుల తరబడి పెద్ద డోసులో ఎక్కిస్తే రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోతుంది. ఒంటి నిండా కాలిన వాళ్ళకి పూసే సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీము ద్వారా, పైన చర్మం లేదు కాబట్టి, ఎక్కువ లోపలికి పోతుంది. అన్నిటికంటే సున్నితం అప్పుడే పుట్టిన పిల్లలు, వాళ్ళ కాలేయంలో ఆ ఎంజైమ్ ఇంకా పూర్తిగా పని మొదలుపెట్టి ఉండదు. అందుకే యూరప్ మందుల సంస్థ మందుల్లో దీనికి వయసుని బట్టి మూడు గీతలు గీసింది. నెల లోపు పసికందుకి కిలోకి రోజుకి 1 మిల్లీగ్రాము, నెల నుంచి నాలుగేళ్ళ దాకా 50, ఐదేళ్ళ నుంచి 500. ఒకటికీ ఐదొందలకీ మధ్య ఎంత దూరమో చూడండి. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్‌ఐవీ ద్రవ మందుని నెలలు నిండని పసిపిల్లలకి ఇవ్వొద్దని చెప్పింది, అందులో ఆల్కహాల్‌తో పాటు ఇది కూడా ఉంది. "సేఫా కాదా" అన్న ప్రశ్నకి ఎవరికి, ఎంత, ఏ దారిన అని అడక్కుండా జవాబే లేదు.

ఇక డ్రమ్ము దగ్గరికి వద్దాం, నా దృష్టిలో అసలు విషయం ఇదే.

1937లో అమెరికాలో మాసెంగిల్ అనే కంపెనీలో హెరాల్డ్ వాట్కిన్స్ అనే కెమిస్ట్ సల్ఫానిలమైడ్ అనే ఇన్ఫెక్షన్ల మందుని ద్రవరూపంలో చేయడానికి దాన్ని డీఈజీలో కరిగించి రాస్ప్‌బెర్రీ రుచి కలిపాడు. రుచి, రంగు, వాసన చూశారు, విషమో కాదో చూడలేదు, చూడాలని చట్టమూ అడగలేదు. వందమందికి పైగా చనిపోయారు, అందులో చాలామంది పిల్లలు. దాని దెబ్బకి 1938లో అక్కడ ఆహారం, మందులు, కాస్మెటిక్స్ మూడింటికీ కలిపి కొత్త చట్టం వచ్చింది. అప్పుడది తెలియనితనం. ఆ తర్వాత జరిగినవి తెలియక జరిగినవి కావు. 1986లో బొంబాయి జేజే ఆస్పత్రిలో గ్లిజరిన్‌లో డీఈజీ కలిసి పద్నాలుగు మంది పోయారు, జస్టిస్ లెంటిన్ కమిషన్ వేశారు. 1998లో గుర్‌గావ్. 2006లో పనామా. 2008లో నైజీరియాలో పళ్ళొచ్చే పిల్లలకి పట్టే మందు, అందులో కల్తీ అయింది ప్రొపిలీన్ గ్లైకాలే. 2020లో జమ్మూ దగ్గర రామ్‌నగర్. 2022లో గాంబియా, ఇండోనేషియా, ఉజ్బెకిస్తాన్ వరసగా, ఒక్క ఇండోనేషియాలోనే రెండొందల మందికి పైగా పిల్లలు. చాలాసార్లు అదే స్క్రిప్ట్, జ్వరమో దగ్గో అని సిరప్, రెండు మూడు రోజుల్లో మూత్రం ఆగిపోవడం, ఆస్పత్రి, అప్పటికే ఆలస్యం.

ఛింద్వాడా పిల్లలు తాగిన కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్‌ని కాంచీపురంలోని శ్రీసన్ ఫార్మా తయారుచేసింది. తమిళనాడు ల్యాబులో పరీక్షిస్తే 48.6 శాతం డీఈజీ తేలింది. ఉండొచ్చు అనుకునే గరిష్ఠం 0.1 శాతం. అంటే 486 రెట్లు, ఐదు మిల్లీలీటర్ల చెంచాలో రెండు గ్రాముల పైనే విషం. ఫ్యాక్టరీ తనిఖీలో 364 లోపాలు రాశారు, అందులో 39 తీవ్రమైనవి, ఫార్మా గ్రేడ్ కాని, అంటే మందుల్లో వాడదగ్గంత శుద్ధి లేని ప్రొపిలీన్ గ్లైకాల్ కొన్నారన్నది కూడా బయటపడింది. అప్పుడు తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు కూడా ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు.

ఇక్కడ కెమిస్ట్రీ తెలిసినవాళ్ళకి ఒక విషయం చప్పున తట్టాలి. ప్రొపిలీన్ ఆక్సైడ్‌కి నీళ్ళు చేరిస్తే ప్రొపిలీన్ గ్లైకాల్ వస్తుంది, పక్కన డైప్రొపిలీన్ గ్లైకాల్, ట్రైప్రొపిలీన్ గ్లైకాల్ కొంచెం కొంచెం వస్తాయి. డీఈజీ రాదు, అది ఇథిలీన్ ఆక్సైడ్ దారిలో వచ్చే సరుకు. ట్యాంకరు సరిగ్గా కడగకపోతే కాస్త జాడ తగలొచ్చేమో గానీ సగానికి సగం డీఈజీ ఉందంటే తయారీలో ఏదో పొరపాటైందని కాదు, ఆ డ్రమ్ములో చెప్పిన సరుకు లేదని. ఎవరో ఎక్కడో మార్చారు, లేదా లేబుల్ మార్చారు. 2024లో పాకిస్తాన్‌లో దొరికిన డ్రమ్ముల మీద డౌ అనే కెమికల్ కంపెనీ పేరుతో ఫార్మా గ్రేడ్ అని లేబుళ్ళు ఉన్నాయి, లోపల ఇథిలీన్ గ్లైకాల్ 0.76 శాతం నుంచి 100 శాతం దాకా ఉంది, వంద శాతం అంటే అందులో ప్రొపిలీన్ గ్లైకాల్ చుక్క కూడా లేదన్నమాట, ఆ డ్రమ్ములు మావి కావని డౌ చెప్పింది.

జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడల్లో మందుల కంపెనీల క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేసే వాళ్ళు ఇది చదువుతుంటే నవ్వుకుంటారేమో, ఎందుకంటే ఇది పట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ప్రతి డ్రమ్ము నుంచి శాంపిల్ తీసి కలిసి ఉన్న పదార్థాల్ని విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ మిషన్ మీద పెడితే మూడు గ్లైకాల్స్ మూడు వేరు వేరు చోట్ల కనపడతాయి, ఆ మిషన్ లేని చిన్న యూనిట్లకి పల్చటి పొర మీద చేసే చవక క్రొమటోగ్రఫీ కూడా ఉంది. చూపుకి, వాసనకి, రుచికి మాత్రం తేడా తెలియదు, మూడూ నీళ్ళలా రంగు లేకుండా ఉంటాయి, మూడూ తియ్యగానే ఉంటాయి. అందుకే సరుకుతో పాటు వచ్చే సీఓఏ కాగితం, అంటే ఇందులో ఇదే ఉందని పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్, ఫైల్లో పెట్టుకుని డ్రమ్ము మూత తీసి పోసేసే చోట ఈ చావులు పుడతాయి. ఆ కాగితం ఇచ్చింది తయారుచేసినవాడా, మధ్యలో నలుగురు చేతులు మారాక ఆఖరి ట్రేడర్ జిరాక్స్ తీసి ఇచ్చాడా అన్నది కూడా ఎవరూ అడగరు. ఎగుమతి చేసే దగ్గుమందులకి 2023 జూన్ నుంచి ప్రభుత్వ ల్యాబ్ పరీక్ష తప్పనిసరి చేశారు. బయటి పిల్లలకి పంపేదానికి పరీక్ష, మన పిల్లలు తాగేదానికి కాగితం. ఛింద్వాడా అయ్యాక గానీ ముడిసరుకూ, తయారైన మందూ బ్యాచ్ బ్యాచ్‌కీ పరీక్షించేలా చూడండని రాష్ట్రాలకి గట్టిగా చెప్పలేదు.

కాస్మెటిక్స్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. 2007లో పనామాలో ఎడ్వర్డో అరియాస్ అనే ఆయన షాపులో చవక టూత్‌పేస్ట్ ట్యూబు తిప్పి చూస్తే డైఇథిలీన్ గ్లైకాల్ అని బాహాటంగా అచ్చేసి ఉంది, ముందటేడాది తన దేశంలో దగ్గుమందుతో జనం పోయింది దీంతోనే కదా అని ఆయన ఫిర్యాదు చేస్తే, చైనా నుంచి వచ్చిన ఆ పేస్టుని దేశదేశాల్లో వెనక్కి తీశారు. లేబుల్ అబద్ధం చెప్పలేదు, అన్ని చేతులు మారినా దాన్ని చదివినవాడే లేడు.

కాబట్టి క్రీము వెనక ప్రొపిలీన్ గ్లైకాల్ అని కనపడితే, మీ చర్మానికి పడుతుంటే, వాడుకోండి. పడకపోతే రెండు వారాలు అది లేని క్రీముకి మారి చూసి, అప్పటికీ అనుమానం ఉంటే డెర్మటాలజిస్ట్ దగ్గర ప్యాచ్ టెస్ట్ అడగండి. బేకరీ ఎసెన్స్ లూజుగా, లేబుల్ లేని సీసాల్లో కొనకండి. రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకి కూడా మామూలుగా అవసరం ఉండదని కేంద్ర ఆరోగ్య సేవల విభాగం 2025 అక్టోబరులోనే చెప్పింది, చాలా దగ్గులు వాటంతటవే తగ్గుతాయి. సిరప్ పట్టాక పిల్లాడు వాంతులు చేసుకుంటూ మత్తుగా పడి ఉండి, పూట గడిచినా మూత్రం పోయకపోతే తెల్లారేదాకా ఆగకుండా డయాలిసిస్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి, ఎంత త్వరగా చేరితే అంత మంచిది. వెళ్ళేటప్పుడు అడుగున మిగిలిన మందుతో సహా సీసా పట్టుకెళ్ళండి, బ్యాచ్ నంబరు చెరిగిపోకుండా, ఎందుకంటే కిడ్నీ ఆగిందని రక్తపరీక్ష చెప్తుంది గానీ సీసాలో ఏముందో తేలాలంటే ల్యాబుకి ఆ మిగిలిన మందే కావాలి.